టీఎస్‌హెచ్ 6.8: మాత్ర ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగాలా?

తిరుచానూరు కోడలు:
నాకు 34 ఏండ్లు, ఇద్దరు పిల్లలు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడతా ఉంటే రక్తపరీక్ష చేయించుకున్నా. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది. ల్యాబు కాగితం మీద హద్దు 4.5. ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోను, మాత్రం మామూలే. ఒక డాక్టరు 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాసి, ఇంక జన్మంతా వేసుకోవాల్సిందే అన్నాడు. ఇంకొకాయన రెండు నెలలాగి మళ్లీ చూద్దాం అన్నాడు. ఎవరి మాట వినేది?

పీలేరు బస్సు:
వేసుకో అక్కా, ఆలోచించొద్దు. మాత్ర లేనప్పుడు మధ్యాహ్నం రెండు ముద్దలు తింటే తల ఎత్తలేకపోయేదాన్ని. ఇప్పుడు నలుగురి పని చేస్తా ఉండా.

మోకాళ్ల మెట్టు:
మొదలుపెట్టినప్పుడు నీ టీఎస్‌హెచ్ ఎంతమ్మా?

పీలేరు బస్సు:
18.

మోకాళ్ల మెట్టు:
అదీ సంగతి. 10 దాటితే మాత్ర వేయాలని చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. తగువంతా 4.5కీ 10కీ నడుమనే.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వేసే కేక. వీధిలో ఆడుకునే పిల్లోణ్ణి అమ్మ పిలిచినట్టు. మొదటి పిలుపుకే వస్తే గొంతు పెంచదు, రాకపోతే అరుస్తుంది. టీ4 మామూలుగా ఉందంటే పిల్లోడు ఇంటికొస్తానే ఉండాడని. అమ్మే కాస్త గట్టిగా పిలవాల్సొస్తా ఉంది. ఆ గొంతు కూడా రోజంతా ఒకటిగా ఉండదు, రాత్రి పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. పెద్ద జబ్బుచేసి లేచినా కొన్నాళ్లు పెరుగుతుంది. ఒక్క చీటీ చూసి జన్మంతా అనడం నాకు నచ్చదు.

మా అమ్మకు 71. 5.9కే మొదలుపెట్టి మోతాదు పెంచుకుంటా పోయినారు. గుండె దడ, నిద్ర లేదు, చేతిలో కాఫీ గ్లాసు వణికేది. పరీక్ష చేస్తే 0.1. పిట్యూటరీ నోరే మూసేసింది. మోతాదు తగ్గించినాకే మనిషైంది. 2017లో అచ్చయిన ట్రస్ట్ అధ్యయనంలో 65 దాటిన 737 మందిని చూసినారు. అసలు మాత్ర వేసినోళ్లకూ ఉత్తుత్తి మాత్ర వేసినోళ్లకూ అలసటలో తేడా కనపడలే.

పీలేరు బస్సు:
అది ముసలోళ్ల లెక్క సార్. అక్కకు 34.

మోకాళ్ల మెట్టు:
నిజమే, ఒప్పుకుంటా. ఇంకో బిడ్డ కావాలనుకుంటే మాత్రం నా మాట వినొద్దు. మొదటి నెలల్లో కడుపులో బిడ్డకు తల్లి హార్మోనే ఆధారం, అప్పుడు హద్దులే వేరు. వెంటనే డాక్టర్ని అడగాల.

చిత్తూరు బెల్లం:
క్యాబేజీ మానెయ్యమ్మా, అంతా అదే సర్దుకుంటుంది.

మందులంగడి:
ఉడికించి మామూలుగా తినే క్యాబేజీతో ఏమీ కాదన్నా. నేను రోజూ చూసే తప్పు వేరే ఉంది. మాత్ర నోట్లో వేసుకుని వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేస్తారు. పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగాల. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాల. అట్లా చెయ్యక, మందు పనిచెయ్యలేదని మోతాదు పెంచించుకుంటారు. మార్చిన మోతాదు ఫలితం తేలడానికి కూడా ఆరు వారాలు పడుతుంది, పది రోజులకే ల్యాబుకు పరిగెత్తొద్దు. ఇంకోటి, జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేసుకుంటా ఉంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపు తల్లీ, అది కొన్ని యంత్రాల లెక్క తప్పిస్తుంది.

తిరుచానూరు కోడలు:
అయ్యో, బయోటిన్ వేసుకుంటానే ఉండా!

(రెండు నెలల తర్వాత)

తిరుచానూరు కోడలు:
మాత్ర మొదలుపెట్టలేదు. బయోటిన్ ఆపి మళ్లీ చేయించుకున్నా, 4.9. ఇంకో బిడ్డ ఆలోచన లేదు. జుట్టు ఊడేది మాత్రం తగ్గలే. రక్తం తక్కువుందని ఐరన్ ఇచ్చినారు.

పీలేరు బస్సు:
4.9 కూడా గీతకు పైనే కదక్కా. యాంటీ టీపీఓ చేయించినావా? మన ఒళ్లే థైరాయిడ్ మీద దాడి చేస్తా ఉందేమో చూసే రక్తపరీక్ష అది. అట్లా ఉంటే ముందుముందు పెరిగే అవకాశం ఎక్కువంట.

మోకాళ్ల మెట్టు:
ఈసారి పీలేరు చెప్పిందే కరెక్టు. చేయించు.

తిరుచానూరు కోడలు:
సరే, రేపు పరగడుపునే పోతా.

మందులంగడి:
దానికి పరగడుపు అక్కర్లేదు. కాఫీ తాగే పో తల్లీ.