ట్యాంకులో ఇంధనం ఉండగానే ఇంజన్ ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: చిన్న విమానాల ప్రమాద నివేదికల్లో, ఒక రెక్కలోని ట్యాంకులో ఇంధనం మిగిలి ఉండగానే ఇంజన్ ఆగిపోయిందన్న మాట పదేపదే కనిపిస్తోంది. శిక్షణ పొందిన పైలట్ కూడా ఇలా ఎలా పొరబడతారో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1: ఇంధనం పూర్తిగా అయిపోవడం వేరు, ఉన్న ఇంధనం ఇంజన్‌కు చేరకపోవడం వేరండి. సెస్నా 172లో రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి తీసుకోవచ్చు కానీ, పైపర్ చెరకీ వంటి విమానాల్లో సెలెక్టర్‌ను (ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచే మీటను) ఎడమకో కుడికో మాత్రమే పెట్టగలం కాబట్టి, పైలట్ గడియారం చూసుకుంటూ ట్యాంకు మార్చకపోతే, వాడుతున్నది ఖాళీ కాగానే ఇంజన్ ఆగుతుంది. ఎత్తులో ఉంటే ట్యాంకు మార్చి, పంపు వేసి, మళ్లీ నడిపించుకోవచ్చు. దిగబోయే సమయంలో ఆ వ్యవధి దొరకదు.

జవాబు 2: తప్పంతా పైలట్‌దే అనలేం. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే బే వద్ద అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ తానే నడుపుతూ మరణించిన లాంగ్ ఈజీ అనే చిన్న విమానంలో సెలెక్టర్ పిడి ఆయన ఎడమ భుజం వెనుక ఉండేది. దాన్ని తిప్పబోతూ ఆయన అనుకోకుండా కుడి రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే పెడల్) తొక్కడంతో విమానం అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. ముందుగా ఇంధనం నింపుకోకపోవడంతో పాటు, ఆ పిడి అమరికనూ, గుర్తులు లేని ఇంధన గేజీలనూ నివేదిక తప్పుపట్టింది.

జవాబు 3: గేజీల మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. చిన్న విమానాల్లో వాటిని పూర్తిగా నమ్మకూడదు; ట్యాంకు మూత తీసి, కొలపుల్లతో చూసి, గంటకు ఎంత ఇంధనం ఖర్చవుతుందో లెక్కకట్టాలి. అమెరికా నిబంధనల ప్రకారం కంటిచూపుతో నడిపే విమానానికి, గమ్యం చేరడానికి కావలసినది కాక, పగలు 30 నిమిషాల, రాత్రి 45 నిమిషాల ఇంధన నిల్వ ఉంటే చాలు, కానీ ఎదురుగాలి పెరిగిన రోజున అది నాకు చాలా తక్కువగా తోస్తుంది.