అప్‌డేట్: వయొలిన్ పరుగు ఆగింది (చాలావరకు)

పోయిన నెల అడిగాను కదా, వయొలిన్ మీద సరళీ స్వరాలు (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు) రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి రాగానే మా పాప పరుగెడుతోంది, ఫోన్లో మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ కొట్టేది) పెట్టినా లాభం లేదని. తప్పు నాదేనండీ. రెండో కాలం అనగానే మెట్రోనోమ్‌లో నిమిషానికి 60 దెబ్బల్ని 120 చేసేస్తున్నాను!

మీలో ఒకరు చెప్పినట్టు 60 దగ్గరే వదిలేశాను. అక్షరానికో (తాళంలో ఒక్కో లెక్కకి) సెకను, ఎనిమిది అక్షరాల ఆది తాళం ఒక ఆవర్తనం (ఒక చుట్టు) 8 సెకన్లు. అది కదలదు. అదే సెకనులో మొదట ఒక స్వరం, తర్వాత రెండు, మూడో కాలంలో నాలుగు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల మా విజయనగరంలోనే ఉంది. ఇక్కడ పుట్టి పెరిగి ఈ ముక్క తెలియకపోవడం సిగ్గే.

రెండో కాలం కుదిరింది. మూడో కాలంలో పై స్వరాల నుంచి కిందికి దిగేటప్పుడు 'ని' దగ్గర ఇంకా కమాను (వయొలిన్ వాయించే బద్ద) తడబడుతోంది.

నిన్న ఇడ్లీ పెట్టి మా అత్తయ్య ఫోన్లో టైమర్ పెట్టమంటే, "ఎందుకు నానమ్మా, 75 ఆవర్తనాలైతే పది నిమిషాలే" అని పాప చేత్తో తాళం వేస్తూ కూర్చుంది. నలభై దాటాక లెక్క తప్పింది. ఇడ్లీలు మాత్రం బాగానే ఉడికాయి.