‘తీర్మానం’ అంటే తీరిపోయినట్టేనా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా పక్కింటమ్మాయి గ్రూప్స్‌కి చదువుతోంది. నిన్న వచ్చి, “పిన్నీ, 2020లో మన అసెంబ్లీ శాసన మండలిని రద్దు చేసింది కదా, మరి ఇంకా సమావేశాలు ఎలా జరుగుతున్నాయి?” అని అడిగింది. సభ చేసింది రద్దు కాదమ్మా, రద్దు చేయమని తీర్మానం అన్నాను. “తీర్మానించాక ఇంకేముంటుంది?” అంది. ఆ మాట దగ్గర నేనూ ఆగిపోయాను.

తీర్మానం ‘తీరు’ నుంచి వచ్చింది. బాకీ తీరింది, ఆకలి తీరింది, తగువు తీరింది. తీర్పు కూడా అందులోదే. ఊళ్లో పెద్దలు తీర్మానించారంటే ఇక తిరుగులేదనే అర్థం. కానీ అసెంబ్లీలో అలా కాదు. రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం శాసనసభ తీర్మానం చేసి పంపాలి, చట్టం చేయాల్సింది పార్లమెంటు. 2020 జనవరి 27 నాటి తీర్మానం చట్టం దాకా వెళ్లలేదు. 2021 నవంబరు 23న దాన్ని ఉపసంహరించుకుంటూ సభ ఇంకో తీర్మానం చేసింది. మరి ఈ మాట ఇక్కడ సరైనదేనా? వేరే మాట ఉందా?

— మాటలో తప్పు లేదండీ. తీరింది సభ మనసులోని చర్చ. పని కాదు. మా గుంటూరు వాళ్లం మర్చిపోలేని రోజు 2014 జనవరి 30. విభజన బిల్లును తిరస్కరిస్తూ ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. బిల్లు ఆగిపోయిందనే అనుకున్నాం ఇంట్లో. 3వ అధికరణం కింద రాష్ట్రాన్ని అడిగేది అభిప్రాయం మాత్రమే. మరుసటి నెలలోనే పార్లమెంటు ఆమోదించేసింది.

— నాకు ‘బిల్లు’తోనే ఇబ్బంది. ఇళ్లలో బిల్లంటే కరెంటు బిల్లే. ముసాయిదా ఎంత చక్కటి మాట! అరబ్బీలో నలుపు అనే ధాతువు నుంచి, ఉర్దూ మీదుగా వచ్చింది. సిరాతో నల్లబడిన చిత్తుప్రతి అన్నమాట. దిద్దుకోవచ్చని మాటలోనే ఉంది. వెలగపూడి అసెంబ్లీలో బిల్లు ప్రవేశపెట్టిన రోజే ‘చట్టం తెచ్చారు’ అని రాస్తే బాధేస్తుంది. ఉభయసభలు, గవర్నరు సంతకం, ఇంత దారి ఉంది. మూడు రాజధానుల బిల్లు 2020 జనవరి 20న అసెంబ్లీ దాటింది, గవర్నరు ఆమోదం జూలై 31న వచ్చింది. ఆ ఆరు నెలలూ అది చట్టం కాదు.

— ఇద్దరికీ ధన్యవాదాలు. తీర్మానాన్ని మార్చక్కర్లేదు, దాని ముందు ‘కోరుతూ’ వదిలేయకూడదు, అంతే. అమ్మాయి నోట్సులో ఇలా రాయించాను: 1985లో మండలి రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. 2020లో రద్దు కోరుతూ సభ తీర్మానించింది.