అప్‌డేట్: సిడ్నీ ఫ్లాట్‌లో గబ్బిలం పిల్ల

ఫ్లాట్‌లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ తల్లి లేని అడవి జంతువుల్ని పెంచి వదిలే వాలంటీరింగ్ కుదురుతుందా అని అడిగాను కదా, కుదిరిందండీ. కంగారూ పిల్లకి పెరడు కావాలన్నారు, చివరికి గ్రే హెడెడ్ ఫ్లయింగ్ ఫాక్స్ పిల్ల వచ్చింది, అదే, పండ్లు తినే పెద్ద జాతి గబ్బిలం. లైసెన్స్ ఉన్న సంస్థలో ట్రైనింగ్ అయ్యాకే ఇస్తారు, గబ్బిలాలకైతే రేబిస్ టీకా కూడా తప్పనిసరి, ఎందుకంటే వాటిలో రేబిస్‌కి దగ్గరి చుట్టమైన లిస్సావైరస్ ఉండొచ్చు.

తల్లి పొట్టని పట్టుకున్నట్టు గుడ్డ చుట్టని పట్టుకుని, నోట్లో పాలపీకతో పడుకుంటుంది, కొన్ని గంటలకోసారి పాలు పట్టాలి, అర్ధరాత్రి కూడా, నిద్ర సంగతి మర్చిపోండి. మా అత్తగారైతే ఇంట్లో గబ్బిలం అరిష్టం అని ఇప్పటికీ ఫోన్‌లో గోలే!

పళ్ళు తింటూ ఎగరడం మొదలెట్టాక గబ్బిలం పిల్లల క్రెష్‌కి పంపించా, అక్కడ పెద్ద పంజరంలో మిగతా గబ్బిలం పిల్లలతో కలిసి మనుషుల అలవాటు తప్పుతుంది, తర్వాత గబ్బిలాల కాలనీ దగ్గర వదులుతారు. ఖర్చు అడిగినవాళ్లకి, పాలపొడి, పళ్ళు కొంత మన జేబులోంచే. వచ్చే సీజన్‌కి కూడా పేరిచ్చేశా.