జనం తలలు, ముఖాలు కొలవడం ఇంకా అవసరమా?

కొలతబద్ద:
మా విభాగం తలల, ముఖాల కొలతలు తీయడం మొదలుపెట్టింది. ఇది రిస్లీ కాలం నాటి పాడు పని, ఆపేయాలి అంటున్నారు కొందరు. నేను ఒప్పుకోను. మాస్కులు, హెల్మెట్లు ఎవరి ముఖం చూసి చేయాలి మరి? అమెరికాలో చాలా ఏళ్లు వైమానిక దళంవాళ్ల కొలతలతో వేసిన ముఖాల సైజుల పట్టికనే మాస్కులకు వాడారు. 2003లో దాదాపు 4,000 మంది కార్మికుల ముఖాలు కొలిస్తే, 15 శాతానికి పైగా ఆ పట్టికలో ఎక్కడా ఇమడలేదు.

నల్లకలువ:
మీకు మాస్కు కనిపిస్తోంది, నాకు రిస్లీ కనిపిస్తున్నాడు. 1901 జనగణన కమిషనర్. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, వచ్చిన అంకెను బట్టి కులాలను మెట్లమెట్లుగా పేర్చాడు. ముక్కు సన్నగా ఉంటే హోదా పైన అన్నాడు.

కొలతబద్ద:
రిస్లీ అంకెల్లో తప్పులు పట్టి సవరించిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ కూడా కొలతలు నమ్మినవాడే కదండీ. అన్ని కొలతలూ కలిపి రెండు గుంపుల మధ్య దూరం లెక్కకట్టే పద్ధతి 1936లో ఆయనే ఇచ్చాడు.

గడప:
తల వెడల్పు పొడవులో ఎంత శాతమో దాన్ని తల సూచిక అంటారు. అది 75కి తక్కువైతే పొడుగుతల, 80 దాటితే గుండ్రతల అంటారు. 79.9 ఉన్నవాడిది ఏ తల?

కొలతబద్ద:
మధ్యరకం. హద్దు ఎక్కడో ఒకచోట గీయాలిగా.

గడప:
పొడవు 188 మిల్లీమీటర్లు, వెడల్పు 150 అనుకోండి. సూచిక 79.8. పొడవు 187 అని రాస్తే 80.2. తల కొలిచే కాలిపర్‌ను కాస్త గట్టిగా నొక్కినా, జుట్టు ఒత్తుగా ఉన్నా ఒక్క మిల్లీమీటరు తేడా వస్తుంది. మనిషి రకమే మారిపోతుందా?

అమ్మనేనే:
పసిబిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెడితే తల వెనక చదునవుతుంది. మా బాబుకు అలాగే అయింది.

నల్లకలువ:
మానవశాస్త్రవేత్త బోయాస్ చెప్పిందీ దాదాపు అదే. అమెరికాకు వలస వెళ్లినవాళ్లను, వాళ్ల పిల్లలను సుమారు 18,000 మందిని కొలిచి, అక్కడ పుట్టిన పిల్లల తలలు తల్లిదండ్రుల తలల్లా లేవన్నాడు. 2002లో కొందరు ఆ తేడా చాలా చిన్నదన్నారు, మరుసటేడు ఇంకొందరు బోయాస్ మాటే చాలామటుకు నిజమన్నారు. ఇప్పటికీ తేలని సంగతి మీద మీరు మనుషులకు పేర్లు పెడతారా?

నీలిచుక్క:
మూడేళ్లు దుమ్ములో పనిచేశాను. మాస్కు గడ్డం దగ్గర ఆనేది కాదు. అడిగితే "నీ ముఖమే చిన్నది" అన్నారు. దయచేసి కొలవండి.

కొలతబద్ద:
విన్నారా? నల్లకలువ గారూ, మీ దగ్గర భయం తప్ప వాదన లేదు.

నల్లకలువ:
అవును, భయమే. చదువుకునే రోజుల్లో మమ్మల్ని వరసలో నిలబెట్టి కొలిచారు. ఇష్టమేనా అని ఒక్కరూ అడగలేదు. కాగితం మీద కులానికి ఒక గడి. నా ముక్కు కొలిచినాయన ఆ గడి వైపు చూసి "అనుకున్నట్టే ఉంది" అన్నాడు. ఇరవై ఏళ్లయినా ఆ గొంతు నాకు గుర్తే. మీ ఫారంలో ఆ గడి ఉందా, లేదా?

కొలతబద్ద:
ఉంది. పాత ఫారం నుంచి వచ్చింది. కానీ అది లేకపోతే ఎవరిని వదిలేశామో ఎలా తెలుస్తుంది? ఆ 2003 సర్వేలోనూ వయసు, లింగం, జాతి చూసే మనుషుల్ని ఎంచుకున్నారు.

నల్లకలువ:
ఎంచుకోవడానికి చూశారు. చివరికి వేసిన పట్టికలో గళ్లు ముఖం పొడవువి, వెడల్పువి. నీలిచుక్క గారికి కావలసింది ఆ రెండంకెలే. మనుషుల్ని ఎంచుకోవడం అయిపోగానే ఆ కులం గడి తీసేయండి. కొలిచేవాడి చేతికి మాత్రం అది అందకూడదు.

గడప:
నా 79.9కి ఇంకా జవాబు రాలేదు.

కొలతబద్ద:
కొలిచేవాడికి ఆ గడి కనిపించకూడదు, అంతవరకు ఒప్పుకుంటున్నాను. రేపు మా గైడ్ గారితో మాట్లాడతాను.

నల్లకలువ:
ఆయన కాదంటే?

కొలతబద్ద:
కాదన్నా కొలవడం మాత్రం ఆపను.

నల్లకలువ:
అయితే ముందు వరసలో నిలబడ్డవాళ్లకు చెప్పండి, ఆ గడి ఎందుకుందో.