కరిగట ట్రాక్టర్‌కు కింది హోస్ పగిలింది: బురదా, బోరు నీళ్లా?

కట్టంగూరు_కర్షకుడు
అన్నలకు నమస్తే. నాది 45 హెచ్‌పీ బండి, ఏడేండ్లది. మొన్న మూసీ ఆయకట్టుల కరిగట (నాట్లకు ముందు నీళ్ల మడి దున్నుడు) కిరాయికి పోయింది. మడి నడిమిట్ల రేడియేటర్ కింది హోస్ పగిలి నీళ్లన్నీ బురదల కలిసినయ్. డ్రైవర్ సూస్కోకుండ ఇంకో పది నిమిషాలు తోలిండు. ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయింది. హోస్ 480, మొత్తం కలిపి 16,500 అయింది. విప్పి సూస్తే హోస్ సుట్టు బురద, గడ్డి కలిసి ఎండి ఇటుక లెక్క ఉన్నది. బురద కడగకపోవుడే కారణమని నేనంట. మెకానిక్ ఏమో బోరు నీళ్లు పోస్తే గిట్లనే అయితదంటుండు. మీరేమంటరు?

మిర్యాలగూడ_స్పానర్
మీ మెకానిక్ చెప్పిందే కరెక్టు. పద్దెనిమిదేండ్ల సంది గీ పనే చేస్తున్న. హోస్ బయటికెళ్లి పాడుగాదు పటేలా, లోపలికెళ్లి పాడయితది. ఇంజన్ సల్లగున్నప్పుడు క్లిప్పుకు రెండించుల అవతల రెండేళ్లతోని ఒత్తి సూడు. మంచి రబ్బరు అంతటా ఒక్క తీరు లొంగుతది. పోయిందైతే నడుమ మెత్తగ, లోపల గాడి పడ్డట్టు తగుల్తది. పైకి నల్లగ, కొత్తదానోలె కనపడ్తది, లోపల గీతలు వడి ఉంటది. మీ రేడియేటర్ మూత ఇప్పి నీళ్లు సూడు. సాయ రంగున్నయా లేదా? కూలెంట్ (రేడియేటర్ల పోసే మందు) పోస్తే తుప్పు ఆగుతది, బోరు నీళ్లకు ఆ గుణం లేదు. అండ్ల మనోళ్లు ఎండలకని థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్లు వదిలే వాల్వు) పీకేస్తరు, మూత రబ్బరు ఎండిపోయినా మార్వరు. ఇగ హోస్ ఏం చేస్తది?

దేవరకొండ_బుల్లెట్
అది ఫ్లోరైడ్. మా నీళ్లు మనిషి ఎముకనే వంచినయ్, రబ్బరొక లెక్కా.

పాలమూరు_కెమిస్ట్రీ
బుల్లెట్ గారూ, ఫ్లోరైడ్‌కూ రేడియేటర్‌లో తెల్లగా పేరుకునే గారకూ సంబంధం కలపకండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ ముప్పు, అది వేరే కథ. గార కట్టేది కాల్షియం, మెగ్నీషియం ఉన్న గట్టి నీళ్లు. వేడెక్కితే వాటిలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు కార్బొనేట్లుగా గడ్డకట్టి సన్న గొట్టాలకు అతుక్కుంటాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి, తెలుస్తుంది.

దేవరకొండ_బుల్లెట్
సారూ, మీరు పుస్తకం సదివిన్రు. నేను మా తాత నడుం సూసిన.

పాలమూరు_కెమిస్ట్రీ
మీ తాతగారి బాధను నేను కాదనడం లేదు. నీళ్లలోంచి పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. అంతగా మీ జిల్లా పేరు దానికి ముడిపడిపోయింది. కానీ ఇక్కడ ప్రశ్న హోస్ గురించి.

మినెసోటా_మునుగోడు
అన్నా, నాది మునుగోడే, ఇప్పుడు అమెరికాల మినెసోటాల ఉంట. నాకు గిదే హోస్ కష్టం మంచుతోని వచ్చింది. మంచు మీద తోలే స్నోమొబైల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌ల కొన్న. బయట పేరుకున్నదే తెంపింది, లోపల నీళ్లు కాదు. కర్షకుడన్న చెప్పింది నమ్ముత.

అచ్చంపేట_45
మంచా? ఈడ మే నెల సీటు మీద కూసుంటే కాల్తుంది తమ్మీ.

మిర్యాలగూడ_స్పానర్
అమెరికా బండికి, కరిగట బండికి పోలిక పెట్టకు. నువ్వు మంచుల తిరిగేది సంబరానికి, మేము బురదల తిరిగేది కూటికి.

మినెసోటా_మునుగోడు
సంబరానికే, కాదంటలేను. కాని జర ఇనున్రి. నా బండికి మన ట్రాక్టర్ లెక్క ముందట ఫ్యాన్, రేడియేటర్ ఉండయ్. సీటు కింద గూడు తీరుగ అల్యూమినియం రేకు ఉంటది, టన్నెల్ అంటరు. కూలెంట్ ఆ రేకులకెళ్లే తిరుగుతది. కింద రబ్బరు ట్రాక్ తిరుగుతుంటే మంచు ఎగిరి రేకుకు తగుల్తది, గప్పుడే ఇంజన్ సల్లబడ్తది. ఉత్త గడ్డకట్టిన చెరువు మీద తోలితే ఎగిరే మంచు లేక ఇంజన్ ఉడుకుతది. మైనస్ చలిల బండి వేడెక్కుడు నేను గీడ్నే సూసిన.

ఇగ బండి ఆపినంక ఏమయితదంటే, ఆ వేడికి కరిగిన మంచు మళ్ల గడ్డ కడ్తది. ట్రాక్ మీద, రేకు మీద, హోస్ పట్టుకొని వేలాడుకుంట. రాత్రంత అట్లనే పెట్టిన. పొద్దున స్టార్ట్ చేసి ఒక్కపారే ఎక్సలేటర్ ఇచ్చిన. ట్రాక్ పోయి గడ్డను కొట్టింది, గడ్డ హోస్‌ను గుంజింది, క్లిప్పు కాడ చీలింది. తెల్లటి మంచు మీద పచ్చగ కారుతుంటే సూస్కుంట నిలబడ్డ. గప్పటి సంది బండి దిగంగనే ఎనుక భాగం స్టాండ్ మీదికి లేపి, మంచంతా దులిపినంకనే లోపలికి పోత. గడ్డపారతోని పొడ్వద్దు, రేకుకు బొక్క పడ్తది. మీ రేగడి బురద రాత్రికి ఎండి రాయి అయితది కద, నా మంచు కూడ గట్లనే.

దేవరకొండ_బుల్లెట్
మంచుల ఫ్లోరైడ్ ఉంటదా తమ్మీ?

మిర్యాలగూడ_స్పానర్
మునుగోడు తమ్ముడు ఒక్కటి చెప్పలే. నీ బండ్ల కూలెంట్ పోస్తవు కద? ఉత్త నీళ్లు పోసి సూడు.

మినెసోటా_మునుగోడు
ఉత్త నీళ్లు పోస్తే ఇంజన్ బ్లాకే పగుల్తది అన్నా. నీళ్లు గడ్డకడ్తే తొమ్మిది శాతం దాక ఉబ్బుతయ్. కూలెంట్‌ల ఉండే గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 దాక గడ్డ కట్టది.

మిర్యాలగూడ_స్పానర్
గదీ! అక్కడోడు గడ్డ కట్టొద్దని పోస్తడు, మనం మరగొద్దని, తుప్పు పట్టొద్దని పోయాలె. డబ్బా ఒక్కటే. మనోళ్లకు అది చలి దేశం మందు, మనకెందుకని ఒక పిచ్చి.

పాలమూరు_కెమిస్ట్రీ
ఒక జాగ్రత్త. తీసేసిన కూలెంట్‌ను బకెట్‌లో అలా వదిలేయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ దూడలూ తాగేస్తాయి.

కట్టంగూరు_కర్షకుడు
అయితే మునుగోడు తమ్ముడు నా మాటే చెప్పిండు. దిగంగనే దులపాలె. అర్ధగంట పని. మావోడు చెయ్యలే. గందుకే వాని జీతంల 6,000 పట్టుకున్న. తప్పేముంది?

హాలియా_స్టీరింగ్
ఆగు పటేలా. ఇప్పటిదాంక నీళ్లా, బురదా, మంచా అని సదువుకుంట వచ్చిన. అసలు సంగతి గిదా? జీతం కోసినవా?

నేను పదకొండేండ్ల సంది తోల్తున్న. సీజన్‌ల రాత్రి పదింటికి దిగుత. తెల్లారి నాలుగింటికి మళ్ల ఫోన్, ఫలానోళ్ల మడి తడి ఆరుతుంది, రా అని. కేజ్ వీల్స్‌తోని (కరిగటకు కట్టే ఇనుప చక్రాలు) రోడ్డెక్కితే కేసు, అందుకని బండి మడి గట్టు మీదనే పండుకుంటది. ఆడ కడుగుదామంటే పైపు ఏది, కరెంటు ఏది? పోయిన ఏడు నాకూ గిట్లనే ఒక ఓనర్ క్లచ్ ప్లేట్ల పైసలు కోసిండు. అడిగితే ఊరందరి ముంగట తిట్టిండు. నువ్వు చెప్పే అర్ధగంటకు నాలుగు మాటలు పడ్తం, "గంట కిరాయి ఎవడిస్తడు" అని.

కట్టంగూరు_కర్షకుడు
నీ ఓనర్ మీది కోపం నా మీద తీర్వకు. బండి కిస్తి నేను కడ్తున్న, డీజిల్ నాది. రైతులు కిరాయి బాకీ పెట్టి వడ్లు అమ్మినంక ఇస్తమంటరు. నా బాధ నీకు తెల్వది.

హాలియా_స్టీరింగ్
తెల్సు. ఒక్కటే అడుగుత, నిజం చెప్పు. నీ బండ్ల ఇంజన్ వేడి చూపే ముల్లు పని చేస్తదా?

అచ్చంపేట_45
మంచి ప్రశ్న.

హాలియా_స్టీరింగ్
పొద్దటి సంది జవాబు లేదు పటేలా.

కట్టంగూరు_కర్షకుడు
పొలం కాడ ఉంటి. ముల్లు రెండేండ్ల సంది పడిపోయింది. అయితే? ఆవిరి కనపడదా, వాసన రాదా, ఇంజన్ సప్పుడు మారదా? పదకొండేండ్ల డ్రైవర్‌కు ముల్లు కావాల్నా?

హాలియా_స్టీరింగ్
కేజ్ వీల్స్ బురద ఎగజిమ్ముతుంటే, ఎనుక రోటవేటర్ మొత్తుకుంటుంటే, ఏ ఆవిరి కనపడ్తది? లెక్క నువ్వే చెయ్. హోస్ 480. మిగిలిన 16,020 దేనికయింది? హోస్ పగిలినందుకా, పగిలినట్టు తెల్వనందుకా?

మిర్యాలగూడ_స్పానర్
ఇద్దరికీ చెప్త. నీళ్లు ఒక్కపారే మొత్తం పోతే మంచి ముల్లు కూడ సక్కగ చూపది. దాని సెన్సర్ నీళ్లల మునిగుంటేనే వేడి తెలుస్తది. కాని మెల్లగ కారుకుంట పోయిందనుకో, ముల్లు పైకి లేస్తుండె, వాడు ఆపుతుండె. అందుకనే అడుగుతున్న, ఆ హోస్ పారేసినవా?

కట్టంగూరు_కర్షకుడు
పారెయ్యలే. టూల్ బాక్స్‌ల ఉన్నది.

మిర్యాలగూడ_స్పానర్
బ్లేడుతోని నిలువుగ చీరి, సబ్బు నీళ్లతోని కడిగి సూడు. పగులు లోపల ఎడల్పా, బయట ఎడల్పా చెప్పు.

మినెసోటా_మునుగోడు
బయట ఒక దిక్కు నున్నగ అరిగిందేమో కూడ సూడన్నా. ఎండిన గడ్డ రాసుకుంటే గట్ల మెరుస్తది.

కట్టంగూరు_కర్షకుడు
చీరి సూసిన. బయట అరచెయ్యంత జాగల నున్నగ అరిగి, బట్ట పోగులు కనపడ్తున్నయ్. మునుగోడు తమ్ముడు చెప్పినట్టే. కాని పగిలింది ఆడ కాదు. క్లిప్పు పక్కన. లోపల ఇంచున్నర గీత ఉన్నది, బయటికి సూది బెజ్జమంతే.

మిర్యాలగూడ_స్పానర్
సూది బెజ్జం అంటే మెల్లగ కారింది పటేలా. గంటన్నా పట్టి ఉంటది.

హాలియా_స్టీరింగ్
గంట సేపు ముల్లు లేస్తుండె. ఆ 6,000?

కట్టంగూరు_కర్షకుడు
రేపు వాణ్ని ఇంటికి రమ్మన్న. ముల్లు ఎంతల వస్తది స్పానరన్నా? కూలెంట్ ఎన్ని లీటర్లు పడ్తది?

దేవరకొండ_బుల్లెట్
హోస్ లోపల తెల్లగ ఉన్నదా లేదా, అది చెప్పలే.