చిన్న హాట్ హ్యాచ్‌కి బ్రేకుల అప్‌గ్రేడ్: నాలుగు పిస్టన్ల కిట్ వేయాలా, ప్యాడ్లు మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న

అందరికీ నమస్తే. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్. బరువు సుమారు 1,100 కిలోలు, ముందు 280 మిల్లీమీటర్ల వెంటిలేటెడ్ డిస్కులు, సింగిల్ పిస్టన్ స్లైడింగ్ కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు, పిన్నుల మీద పక్కకి జరుగుతాయి), వెనక మామూలు సాలిడ్ డిస్కులు. ఇంజిన్ రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించాను, టైర్లు మంచివే వేశాను. రోజువారీ రోడ్డు మీద బ్రేకులకు వంక పెట్టడానికేమీ లేదు, గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసేది) వెంటనే పనిచేస్తుంది. సమస్యంతా ట్రాక్ మీదే. మొదట్లో బాగానే ఉంటుంది, నాలుగైదు ల్యాప్‌లు గట్టిగా తోలేసరికి పెడల్ మెత్తబడి కిందకి దిగిపోతుంది, రెండోసారి తొక్కితే గానీ పట్టు దొరకదు. పక్కన ఆపి కాసేపు చల్లారనిస్తే తిరిగి వస్తుంది కానీ ముందున్నంత గట్టిగా ఉండట్లేదు. కొండ దారిలో పొడవైన దిగుడు దిగుతున్నప్పుడు కూడా ఒకసారి ఇలాగే అయింది, కార్లో ఇంట్లోవాళ్లు ఉన్నారు, ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

తెలిసినవాళ్లంతా పెద్ద డిస్కులతో వచ్చే నాలుగు పిస్టన్ల కిట్ వేసెయ్ అంటున్నారు. ఖర్చుకి వెనకాడను, కానీ పెట్టేది సరైన చోట పెట్టాలని ఉంది. ఫ్లూయిడ్, ప్యాడ్లు, స్టీల్ హోస్‌లు, డిస్కులు, కాలిపర్లు, వీటిలో దేనితో మొదలుపెట్టాలి? డ్రిల్డ్ డిస్కులు మంచివా, స్లాటెడ్ మంచివా? స్వయంగా చేసుకున్నవాళ్లు చెప్పండి.

జవాబు 1

బ్రో, కిట్ ఆర్డర్ పెట్టకు, కాస్త ఆగు. పెడల్ మెత్తబడి కిందకి దిగిందన్నావు చూడు, అది ఫ్లూయిడ్ మరిగిన లక్షణం. ప్యాడ్ ఫేడ్, అంటే వేడికి ప్యాడ్లు పట్టు కోల్పోవడం, అలా ఉండదు. ప్యాడ్లు చేతులెత్తేస్తే పెడల్ గట్టిగానే ఉంటుంది, నువ్వెంత బలంగా తొక్కినా బండి మాత్రం ఆగదు. రెండిటికీ మందు వేరు, కాబట్టి ముందు ఏది జరుగుతోందో తేల్చుకో.

బ్రేక్ ఫ్లూయిడ్ తేమని పీల్చుకుంటుంది, మూత బిగించి ఉన్నా రబ్బరు హోస్‌ల గుండా మెల్లగా చేరుతూనే ఉంటుంది. డాట్ 4 అనే బ్రేక్ ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి, 3.7 శాతం నీళ్లు చేరాక ఆ కనీసం 155కి దిగిపోతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. మరిగినప్పుడు ఆవిరి బుడగలు పుడతాయి, నీ కాలి బలం ప్యాడ్ల దాకా పోకుండా ఆ బుడగల్ని నొక్కడానికే ఖర్చయిపోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది కాబట్టి పెడల్ తిరిగొస్తుంది. పాత ఫ్లూయిడ్ మొత్తం తీయించి, ట్రాక్ కోసం చేసిన డాట్ 4 పోయించు, అవి కొత్తలో 300 డిగ్రీలు దాటినా తట్టుకుంటాయి. రోడ్డు మీదే తిరిగే కారుకి రెండేళ్లకోసారి మారిస్తే సరిపోతుంది గానీ నువ్వు ట్రాక్‌కి వెళ్తున్నావు, ఇంకా తరచుగా మార్చాలి. డాట్ 5 మాత్రం పోయకు. అది సిలికాన్, మిగతావాటితో కలవదు, ఏబీఎస్ ఉన్న కార్లకి పనికిరాదు. 5.1 వేరు, 5 వేరు.

ఆ తర్వాత ప్యాడ్లు. అచ్చంగా రేసింగ్ ప్యాడ్ వేశావనుకో, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అది పట్టదు, ఇంట్లోవాళ్లతో వెళ్లే కారుకి అది ప్రమాదమే. ఫెరోడో డీఎస్2500 లాంటి, రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యస్థంగా ఉండే రకం చూడు. కాస్త కీచుమంటుంది, చక్రాలు దుమ్ముతో నల్లబడతాయి, అది భరించాల్సిందే. స్టీల్ హోస్‌లు వేస్తే పెడల్ ఫీల్ బాగుంటుంది గానీ ఆగే దూరం తగ్గదు, పాత రబ్బరు హోస్‌లు పగుళ్లు వచ్చి ఉంటే ఎలాగూ మార్చాలి కాబట్టి అప్పుడు వేసుకో.

ఇవన్నీ కొనేముందు ముందు చక్రాలు రెండూ విప్పి, లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ ఒకేలా అరిగాయో లేదో చూసి ఇక్కడ రాయి.

జవాబు 2

పై జవాబులో చెప్పిన వరుస సరైనదే. అయితే పెద్ద డిస్కులు దండగ అనే అర్థంలో మాత్రం తీసుకోకండి, ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

మీ 1,100 కిలోల కారు 120 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గితే దాదాపు 458 కిలోజౌల్స్ శక్తి వేడిగా మారుతుంది. 160 నుంచి 80కి తగ్గితే అదే 815 అవుతుంది. ఇందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడుతుందనీ, ముందు డిస్కు ఒక్కోటి 5 కిలోలనీ అనుకుంటే, మొదటి సందర్భంలో డిస్కు ఒక్క బ్రేకింగ్‌కే 70 డిగ్రీలు, రెండోదాంట్లో 124 డిగ్రీలు వేడెక్కుతుంది. చల్లారేలోపే మరో మలుపు వచ్చేస్తుంది. రీమ్యాప్‌తో స్ట్రెయిట్ చివర వేగం పెరిగింది కదా, వేగం కొంచెం పెరిగినా వేడి దాని వర్గం లెక్కన పెరుగుతుంది. బరువైన, వెడల్పైన డిస్కు ఉంటే అదే వేడికి తక్కువ డిగ్రీలు ఎక్కుతుంది, గాలికి ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. పెద్ద డిస్కు వల్ల అసలు లాభం ఇదే, చివరి ల్యాప్‌లో కూడా పెడల్ మొదటి ల్యాప్‌లో ఉన్నట్టే ఉండడం. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు ఆగే దూరం మాత్రం దీనితో తగ్గదు, ఎందుకంటే ఇప్పటికే ఏబీఎస్ పనిచేస్తోందంటే బ్రేకుకి సరిపడా బలం ఉందని, హద్దు టైరు దగ్గరుందని అర్థం.

ఇక కాలిపర్ల సంగతి. చాలామంది నాలుగు పిస్టన్లంటే నాలుగింతల బలం అనుకుంటారు. స్లైడింగ్ కాలిపర్లో ఒకే పిస్టన్ రెండు వైపులా నొక్కుతుంది, కాబట్టి రెండు వైపులా పిస్టన్లుండి కదలకుండా ఉండే ఫిక్స్‌డ్ కాలిపర్‌తో పోల్చేటప్పుడు ఒక వైపు పిస్టన్లే లెక్కపెట్టాలి. మీది 54 మిల్లీమీటర్ల సింగిల్ పిస్టన్ అనుకుంటే దాని వైశాల్యం 2,290 చదరపు మిల్లీమీటర్లు. ఒక వైపు 38 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండున్న కాలిపర్‌కి 2,268, అంటే దాదాపు సమానం, ఇది మీ మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని తోసేది) హాయిగా కుదురుతుంది. అదే 42 మిల్లీమీటర్లవి రెండు అయితే 2,771, అంటే 21 శాతం ఎక్కువ. చూడ్డానికి బాగుంటుంది గానీ పెడల్ ప్రయాణం పెరుగుతుంది, పైగా బ్రేకింగ్ ఇంకా ముందుకి వాలిపోతుంది. ముందు చక్రాలు తొందరగా లాక్ అవబోతాయి, ఏబీఎస్ అడ్డుపడుతుంది, వెనక బ్రేకులు చేయాల్సిన పని చేయకుండానే మిగిలిపోతాయి, ఖరీదైన కిట్ వేసినా ఆగే దూరం పెరిగే అవకాశం ఉంది. ఏ కిట్ కొన్నా పిస్టన్ సైజులు అడగండి, చెప్పనివాళ్ల దగ్గర కొనకండి.

నా ఓటు మాత్రం మీ కారు ప్లాట్‌ఫారమ్ (అడుగు నిర్మాణం) మీదే వచ్చిన పెద్ద మోడల్ బ్రేకులకి. రెనో క్లియో ఆర్ఎస్ 197 చిన్న కారే, దానికి కంపెనీయే 312 మిల్లీమీటర్ల డిస్కులు, బ్రెంబో నాలుగు పిస్టన్ల కాలిపర్లు పెట్టింది, కానీ వెనక బ్రేకులూ ఏబీఎస్ అన్నీ దానికి తగ్గట్టు కుదిర్చే పెట్టింది. అలా కుదిర్చిన భాగాలే వాడుకుంటే తలనొప్పి తక్కువ. చక్రం సైజు సరిపోయినా స్పోక్ లోపలి వైపు కాలిపర్‌కి తగలొచ్చు, అట్టతో కాలిపర్ ఆకారం కత్తిరించి చక్రంలో పెట్టి చూశాకే కొనండి. డ్రిల్డ్ డిస్కులు ట్రాక్‌కి వద్దు, వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఆ రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. స్లాటెడ్ లేదా సాదా డిస్కు చాలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ థాంక్స్. చక్రాలు విప్పి చూశాను. ఫ్లూయిడ్ డికాక్షన్ రంగులో ఉంది. కుడివైపు ప్యాడ్లు రెండూ సమానంగా అరిగాయి. ఎడమవైపు బయటి ప్యాడ్ 8 మిల్లీమీటర్లు ఉంటే లోపలిది 3 కూడా లేదు, అదీ ఒక చివర మరీ పలచగా ఏటవాలుగా అరిగింది. కింది స్లైడ్ పిన్ చేత్తో లాగితే అసలు కదల్లేదు, దాని రబ్బరు బూట్ చిరిగి లోపల తుప్పు పట్టింది. ఫోర్స్ పెట్టి లాగనా, కొత్త కాలిపర్ కొననా? ఫ్లూయిడ్ నేనే మార్చుకోవచ్చా?

జవాబు 3

అసలు దొంగ దొరికాడు! పిన్ పట్టేస్తే కాలిపర్ జరగదు, పిస్టన్ వైపు ప్యాడే ఒంటరిగా పని చేస్తుంది, అది పలచబడేకొద్దీ డిస్కు వేడి నేరుగా పిస్టన్‌కీ అక్కడి ఫ్లూయిడ్‌కీ ఎక్కుతుంది. పాత ఫ్లూయిడ్, పలచని ప్యాడ్ రెండూ కలిశాయి, అందుకే మరిగింది. కాలిపర్ కొనక్కర్లేదు. పట్టేసిన పిన్‌ని సుత్తితో కొట్టొద్దు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నాననిచ్చి, స్పానర్‌తో అటూ ఇటూ తిప్పుతూ లాగండి. పిన్ను, బూట్లు కొత్తవి వేయండి, రంధ్రం లోపల శుభ్రం చేసి బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ మళ్లీ పట్టేస్తుంది. పిస్టన్ సాఫీగా వెనక్కి పోకపోతే మాత్రం సీల్ కిట్ వేయించండి. ఆ ప్యాడ్లతో ఇక తోలకండి, రెండు వైపులా ఒకేసారి మార్చండి.

ఫ్లూయిడ్ మీరే మార్చుకోవచ్చు గానీ తోడుగా ఇంకొకరు ఉండాలి. రిజర్వాయర్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీ కానివ్వకండి, ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లిందంటే చాలా కార్లకి స్కానర్ పెట్టి వాల్వులు ఆడిస్తే గానీ బయటకి రాదు. ఏ చక్రం ముందు, ఏది తర్వాత అన్నది మీ కారు మాన్యువల్ ప్రకారం చేయండి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఇక కొత్త ప్యాడ్లు బెడ్ చేయకుండా, అంటే డిస్కుకి పట్టు కుదిరేలా చేయకుండా, ట్రాక్‌కి వెళ్లొద్దు. ఖాళీ రోడ్డు చూసుకుని 80 నుంచి 20 దాకా మధ్యస్థంగా తొక్కి వదలండి, అలా ఎనిమిది పది సార్లు, మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆపకండి, తర్వాత బ్రేకు ముట్టుకోకుండా కొన్ని కిలోమీటర్లు తోలి చల్లార్చండి. ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి చెబితే అదే పాటించండి. వేడి మీద కారు ఆపి పెడల్ తొక్కిపట్టుకుంటే ప్యాడ్ పదార్థం డిస్కుకి ఒకచోట మందంగా అంటుకుంటుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంగిందనుకుని మార్పిస్తుంటారే, చాలాసార్లు జరిగేది ఇదే. ఎలాగూ విప్పారు కాబట్టి డిస్కు మందం కూడా కొలవండి, కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది.

జవాబు 1 ఇచ్చినవారు

బాగా పట్టుకున్నావ్ బ్రో. ఫ్లూయిడ్, ప్యాడ్లు, పిన్నులు అయ్యాక మళ్లీ ట్రాక్‌కి వెళ్లు, చివరి ల్యాప్ బ్రేకులు వాడకుండా మెల్లగా తోలి చల్లార్చు, ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో వదిలేయ్. అప్పటికీ పెడల్ దిగితే ముందు బంపర్ నుంచి డిస్కు మధ్యకి గాలి వచ్చేలా డక్ట్ పెట్టించు. డక్ట్‌తో కూడా తట్టుకోకపోతే అప్పుడు పైన చెప్పిన పెద్ద మోడల్ డిస్కులు, కాలిపర్ల గురించి అడుగు. నీ కారు మోడల్, మాస్టర్ సిలిండర్ సైజు రాస్తే ఏవి కుదురుతాయో కూర్చుని చూద్దాం. కొండ దారిలో మాత్రం ఇప్పట్నుంచే దిగుడు మొదలవకముందే చిన్న గేర్‌లోకి వచ్చెయ్, ఇంజినే చాలావరకు పట్టి ఉంచుతుంది.